ఇంటి వెనక సగువారో కాక్టస్‌ని జరపాలంటే పర్మిట్ కావాలా? (ఆరిజోనా, సొంత స్థలం)

ముళ్ళపొద
అందరికీ నమస్తే. నార్త్ స్కాట్స్‌డేల్‌లో పోయినేడు ఇల్లు కొన్నాం, ఎకరానికి కాస్త తక్కువ లాట్, ఇల్లు 2004లో కట్టింది. వెనక పూల్ వేయిద్దామని కాంట్రాక్టర్ని పిలిస్తే ఆయన టేపు పట్టుకుని కొలుచుకుంటూ వెళ్ళి సరిగ్గా డీప్ ఎండ్ వచ్చే చోట ఆగిపోయాడు, ఎందుకంటే అక్కడ ఒక సగువారో నిలబడి ఉంది. తొమ్మిదడుగులుంటుంది, చేతులు ఇంకా రాలేదు, ఒట్టి స్తంభం లాగా ఉంటుంది. ఆయన చెప్పినవి రెండు ముక్కలు. ఒకటి, దీన్ని ముట్టుకుంటే 25 ఏళ్ళు జైలు. రెండోది, కావాలంటే శనివారం తెల్లారకముందే మనుషుల్ని పెట్టి కోయించి పడేస్తాడంట, ఎవరికీ తెలీదంట. రెండూ ఒకే నోటితో, అయిదు నిమిషాల తేడాలో!

నాకు కొయ్యడం ఇష్టం లేదు. దాన్ని అదే లాట్‌లో పక్క మూలకి జరపొచ్చా? పర్మిట్ ఎవరిస్తారు? ఇంకోటి, మా బామ్మర్ది క్వీన్ క్రీక్‌లో కొత్తిల్లు కట్టుకున్నాడు, "నాకిచ్చెయ్ బావా, పికప్ వేసుకొస్తా" అని రోజూ ఫోన్. వాడికి ఇవ్వొచ్చా? తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్, గూగుల్ చేస్తే ఒక్కోచోట ఒక్కో రకంగా ఉంది.

చాండ్లర్_బావ
బ్రో నీ స్థలం నీ కాక్టస్ నీ ఇష్టం. పబ్లిక్ ల్యాండ్‌లో అయితే తప్పు గానీ మనం మార్ట్‌గేజ్ కట్టే చోట గవర్నమెంట్‌కేం పని. మా వీధిలో ఒకాయన నిమ్మచెట్టు పీకించాడు ఎవడూ అడగలేదు.

ఎండమావి
నిమ్మచెట్టుకీ దీనికీ పోలికేంటి బావా 😀 ఇది ప్రొటెక్టెడ్, దీని పువ్వే స్టేట్ ఫ్లవర్. మా ఆఫీసులో లోకల్ ఆవిడ చెప్పింది, సగువారోని కదిలిస్తే డైరెక్ట్ ఫెలనీ (పెద్ద నేరం) అంట, సొంతిల్లైనా సరే. మనలాంటి హెచ్1బీ వాళ్ళకి ఫెలనీ అంటే ఏంటో తెలుసుగా. అన్నా దాని జోలికి పోకు, పూల్ మానెయ్, కమ్యూనిటీ పూల్‌కి పో.

పాతకాపు
ముళ్ళపొద గారూ, ముందు పేరు సరిచేస్తా, కోప్పడకండి. రాసేది సగువారో గానీ ఇక్కడోళ్ళు మధ్యలో గ పలకరు, సవారో అంటారు, మన సవారీకి తమ్ముడిలా. ఆఫీసుకి ఫోన్ చేసి సగువారో అంటే ఒక్క క్షణం ఆగి అప్పుడు అర్థం చేసుకుంటారు, నేను అనుభవించాను.

టూసాన్‌లో ఇరవయ్యేళ్ళకి పైగా ఉంటున్నా, రెండుసార్లు ఈ తతంగం నడిపాను కాబట్టి చెప్తున్నా. చాండ్లర్ బావా, ఎండమావీ, ఇద్దరూ సగం సగం కరెక్ట్, ఆ మిగతా సగాల దగ్గరే మనుషులు ఇరుక్కునేది.

ఆరిజోనాలో నేటివ్ ప్లాంట్ లా అని ఉంది, స్టేట్ చట్టాల్లో టైటిల్ 3, చాప్టర్ 7. అమలు చేసేది పోలీసులు, ఫారెస్టు వాళ్ళు అనుకుంటారు అందరూ, కాదు, ఆరిజోనా డిపార్ట్‌మెంట్ ఆఫ్ అగ్రికల్చర్. ఆ చట్టం ఏమంటుందంటే, ప్రైవేటు స్థలంలో మొక్క స్థలం ఓనర్‌దే. ఓనర్ దాన్ని జరపొచ్చు, తీసెయ్యొచ్చు కూడా. కాకపోతే తీసేసే ముందు డిపార్ట్‌మెంట్‌కి నోటీసు ఇవ్వాలి, ఎకరం లోపైతే 20 రోజుల ముందు, ఎకరం నుంచి 40 ఎకరాల దాకా 30 రోజులు, ఆ పైన 60 రోజులు. ఎందుకంటే ఆ గ్యాప్‌లో ఎవరైనా వచ్చి బుల్‌డోజర్ కింద పోయే మొక్కల్ని ఓనర్ ఒప్పుకుంటే తవ్వి తీసుకెళ్ళి బతికించుకోవచ్చని. అసలు ఇది బిల్డర్ల కోసం పెట్టిన రూల్. పదెకరాలు గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్న నివాస స్థలం, అందులో మొదటి కట్టడం ఎప్పుడో అయిపోయింది అంటే ఆ నోటీసు కూడా అక్కర్లేదు. మీ ఇల్లు 2004ది, లాట్ ఎకరం లోపు. కాబట్టి అదే లాట్‌లో ఈ మూల నుంచి ఆ మూలకి జరపడానికి స్టేట్ వైపు నుంచి మీకు అడ్డం లేదు.

ఇప్పుడు బామ్మర్ది సంగతి. మొక్క మీ హద్దు దాటి రోడ్డెక్కిందంటే కథ మొత్తం మారిపోతుంది. అప్పుడు పర్మిట్ కావాలి, దానితోపాటు ట్యాగు, సీలు. ట్యాగు మొక్కకి కట్టి ఉండాలి, కాగితం బండిలో ఉండాలి. ఇవ్వడం ఊరికే ఇచ్చినా, మీ సొంతానికే ఇంకో ఇంటికి తీసుకెళ్ళినా అంతే. ట్యాగు లేకుండా వెళ్తే మీరే కాదు, వాడి పెరట్లో ఉన్నందుకు వాడు కూడా సమాధానం చెప్పుకోవాలి.

ఎండమావి
మాస్టారూ మరి ఆ 25 ఏళ్ళు ఎక్కడ్నుంచి వచ్చింది? నేను కనీసం నలుగురి దగ్గర విన్నాను.

పాతకాపు
అదొక ఊరి పుకారు. వేరేవాళ్ళ స్థలంలోదో గవర్నమెంట్ స్థలంలోదో దొంగతనంగా తవ్వుకుపోతే, మొక్క విలువ 1500 డాలర్లు దాటితే క్లాస్ 4 ఫెలనీ, 500 లోపైతే క్లాస్ 1 మిస్‌డిమీనర్ (చిన్న నేరం), మధ్యలో ఉంటే మధ్య క్లాసులు. క్లాస్ 4కి మొదటిసారి దొరికినవాడికి మామూలుగా వేసేది 2.5 ఏళ్ళు. ఆ మధ్యలో చుక్క ఎక్కడో జారిపోయి 25 అయ్యుంటుందని నా థియరీ, కోర్టులో చెప్పకండి 😀

కాంట్రాక్టర్లకి ఈ పుకారు బాగా పనికొస్తుంది. ముందు భయపెడితే తర్వాత "నేను చూసుకుంటాలే" అన్నమాటకి రేటు పెరుగుతుంది.

చాండ్లర్_బావ
సరే ఒప్పుకున్నా. కానీ సగం కరెక్టే కదా నేను.

సీతాకోక
నేను సివిల్‌లో ఉన్నా, ల్యాండ్ డెవలప్‌మెంట్ ప్లాన్లు వేస్తాం, నోటీసు ఫారాలు నేనే బోలెడు నింపాను. పాతకాపు గారు చెప్పింది స్టేట్ వరకు కరెక్ట్. కానీ ముళ్ళపొద గారు నార్త్ స్కాట్స్‌డేల్ అన్నారు, అసలు చిక్కు అక్కడుంది, ఎవరూ సిటీ మాట ఎత్తలేదేంటి?

స్కాట్స్‌డేల్‌కి దాని సొంత నేటివ్ ప్లాంట్ ఆర్డినెన్స్, అంటే సిటీ చట్టం, ఉంది, మూడడుగులు దాటిన కాక్టస్‌లు, నాలుగంగుళాల మొదలు దాటిన చెట్లు దాని కిందకొస్తాయి. స్టేట్ వదిలేసినా సిటీ అడుగుతుంది. పూల్ పర్మిట్‌కి సైట్ ప్లాన్ ఎలాగూ ఇవ్వాలి కదా, అందులో ఆ కాక్టస్ ఎక్కడుందో, ఎక్కడికి పోతుందో చూపించాల్సి వస్తుంది. శనివారం తెల్లారకముందు కోసేస్తే ఎవరికీ తెలీదు అన్న పెద్దమనిషికి ఏరియల్ ఫొటోలు అనేవి ఉంటాయని చెప్పండి.

దానికంటే ముఖ్యం, మీ ప్లాట్ మ్యాప్ తియ్యండి. ఇల్లు కొన్నప్పుడు టైటిల్ వాళ్ళు ఇచ్చిన కాగితాల కట్టలో ఉంటుంది, ఎవరూ విప్పరు దాన్ని. అందులో ఎన్ఏఓఎస్ అని గీతలు గీసిన భాగం ఉందేమో చూడండి. నేచురల్ ఏరియా ఓపెన్ స్పేస్. అటువైపు కొండల కింద కట్టిన లాట్లకి ఇది ఉంటుంది, స్థలం మీదే, పన్ను మీరే కడతారు, కానీ ఆ భాగంలో ఎడారిని ఎడారిలాగే ఉంచాలి, తవ్వకూడదు, గ్రావెల్ పొయ్యకూడదు, మొక్క పీకకూడదు, మీకు నచ్చిన మొక్క తెచ్చి పెట్టకూడదు. మీ సగువారో అందులో ఉందా బయట ఉందా అనేదాని మీదే అంతా ఆధారపడి ఉంది. మీరు జరుపుదామనుకున్న మూల అందులో ఉన్నా ఇబ్బందే.

ముళ్ళపొద
అమ్మో. సీతాకోక గారూ థ్యాంక్యూ. కాగితాల కట్ట గ్యారేజ్‌లో ఏదో బాక్స్‌లో ఉంది, వీకెండ్ తీస్తాను. హెచ్ఓఏ (కాలనీ ఇళ్ళ ఓనర్ల సంఘం) కూడా ఉంది మాకు, దాని సంగతి?

సీతాకోక
హెచ్ఓఏ ఉంటే వాళ్ళ ఆర్కిటెక్చరల్ కమిటీకి కూడా పెట్టాలి. అది చట్టం కాదు, మీరు సంతకం పెట్టిన ఒప్పందం, అయినా ఫైన్లు మాత్రం వాళ్ళే ముందు వేస్తారు. మూడు గుమ్మాలు అనుకోండి, స్టేట్, సిటీ, హెచ్ఓఏ. ఒకళ్ళు సరే అన్నారని రెండోవాళ్ళు సరే అన్నట్టు కాదు.

ఎండమావి
డౌట్. సగువారో ఒక్కదానికేనా ఇదంతా? మా ఇంటి ముందు ఒక పాలో వెర్డే చెట్టు, గుండ్రటి బ్యారెల్ కాక్టస్‌లు రెండు ఉన్నాయి.

పాతకాపు
కాదండీ, లిస్టు చాంతాడంత. ఇక్కడ సహజంగా పెరిగే కాక్టస్ జాతి దాదాపు మొత్తం అందులోనే. చట్టంలో నాలుగు గ్రూపులు చేశారు, సాల్వేజ్ అంటే మొక్కని తవ్వి తీసి వేరేచోట బతికించడం. మామూలు సగువారో, మీ బ్యారెల్‌లు, ఆకోటియో అనే ఎర్రపూల పొడుగు కట్టెల మొక్క, ఇవన్నీ సాల్వేజ్ రెస్ట్రిక్టెడ్. పాలో వెర్డే, ఐరన్‌వుడ్, మెస్కీట్ చెట్లు సాల్వేజ్ అసెస్డ్. కట్టెల కోసమో ఇంకో దానికోసమో కొట్టుకుపోతారని భయం ఉన్నవి హార్వెస్ట్ రెస్ట్రిక్టెడ్, మెస్కీట్, ఐరన్‌వుడ్ ఇందులో కూడా ఉన్నాయి. అన్నిటికంటే పైన హైలీ సేఫ్‌గార్డెడ్, అరుదైనవి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. సగువారో తల ఒక్కోసారి కోడిపుంజు జుట్టులాగా విసనకర్రలాగా విప్పుకుని పెరుగుతుంది, క్రెస్టెడ్ అంటారు. అదే జాతి, అదే మొక్క, కానీ తల అలా తిరిగిందంటే ఆ పై గ్రూపులోకి ఎక్కిపోతుంది, రూల్స్ వేరు. అలాంటిది మీ ఇంట్లో ఉంటే జరిపే ఆలోచనే పెట్టుకోకండి, వీధిలో వాళ్ళంతా వచ్చి ఫొటో దిగుతారు, మీరు టీ ఇవ్వండి చాలు.

నర్సరీలో పెంచి కుండీలో అమ్మే చిన్న మొక్కలకి ఈ గొడవ లేదు. ఎడారిలోంచి తవ్వి తెచ్చినవాటికే ట్యాగులు. కాబట్టి ఎవడైనా పికప్‌లో పెద్ద సగువారో వేసుకొచ్చి క్యాష్‌కి చౌకగా ఇస్తానంటే ట్యాగు చూపించమనండి. టూసాన్ పక్కన సగువారో నేషనల్ పార్క్‌లో దొంగల బెడద భరించలేక రోడ్ల పక్కన ఉన్న కొన్నిటికి లోపల మైక్రోచిప్పులు పెట్టారు, కుక్కలకి పెట్టినట్టు.

చాండ్లర్_బావ
కాక్టస్‌కి చిప్పా 😂 మనూళ్ళో చేను గట్టు మీద బ్రహ్మజెముడు నరికితే కూలి ఇచ్చి మరీ నరికిస్తాం.

గువ్వ
ఇన్నాళ్ళూ చదవడమే గానీ రాయలేదు, ఈ ఒక్క పాయింట్ ఎవరూ చెప్పలేదని రాస్తున్నా. ముళ్ళపొద గారూ ఆ సగువారోకి బొక్కలేమైనా ఉన్నాయా? గీలా వడ్రంగిపిట్టలు తొలుస్తాయి, తొలిచాక నెలల తరబడి లోపల గోడ గట్టిపడి చెప్పులా అవుతుంది, అప్పుడు గూడు పెట్టుకుంటాయి. అవి వదిలేశాక ఎల్ఫ్ గుడ్లగూబలు దూరతాయి, పిడికెడంత ఉంటాయి. లోపల గుడ్లో పిల్లలో ఉండగా కదిలిస్తే అది మొక్కల చట్టం కాదు, ఫెడరల్ పక్షుల చట్టం, 1918 నాటి మైగ్రేటరీ బర్డ్ ట్రీటీ యాక్ట్. స్టేట్ సిటీ హెచ్ఓఏ మూడూ ఓకే అన్నా ఇది ఆపేస్తుంది. వసంతం నుంచి ఎండాకాలం మధ్య దాకా చూసుకోవాలి.

ముళ్ళపొద
గువ్వ గారూ మీరడిగాక ఇప్పుడే టార్చ్ వేసుకుని వెళ్ళొచ్చా. ఏడడుగుల ఎత్తులో ఒక బొక్క ఉంది! గుండ్రంగా, టీ గ్లాసు మూతంత. ఏడాదిగా రోజూ చూస్తున్నా ఎప్పుడూ గమనించలేదు, ఇంటి వైపు కాకుండా కొండ వైపు ఉంది. లోపల ఏముందో కనపడలేదు, చప్పుడు కూడా లేదు.

గువ్వ
టార్చ్ వెయ్యకండి పాపం. పొద్దున ఆరింటికి కాఫీ పట్టుకుని దూరంగా కుర్చీ వేసుకుని కూర్చోండి, ఏమైనా ఉంటే అరగంటలో బయటికొస్తుంది.

పాతకాపు
ఇప్పుడు కాగితాలు వదిలేసి మొక్క గురించి ఒక మాట, ఎందుకంటే పర్మిట్లన్నీ తెచ్చుకుని మొక్కని చంపుకున్నవాళ్ళని చూశాను, అందులో మొదటివాణ్ణి నేనే.

సగువారో మొదటి ఎనిమిదేళ్ళలో పెరిగేది అంగుళం, అంగుళంన్నర. పువ్వు పూయడానికి ముప్ఫై అయిదేళ్ళు, చేయి రావడానికి యాభై డెబ్భై ఏళ్ళు, కొన్నిటికి ఇంకా ఎక్కువ. మీ తొమ్మిదడుగులది మీకంటే పెద్దదే అయ్యుండాలి. దాని వేళ్ళు లోతుకి పోవు, మట్టికి కొన్ని అంగుళాల కిందే చుట్టూ పరుచుకుంటాయి, ఎంత ఎత్తుంటే దాదాపు అంత దూరం, మధ్యలో ఒక్కటి మాత్రం రెండడుగుల పైన కిందకి దిగుతుంది. కాబట్టి తవ్వేటప్పుడు ఎంత జాగ్రత్త పడినా చాలా వేళ్ళు తెగుతాయి.

నాది పన్నెండడుగులది. 2011లో జరిపించాను, ఇంటికి అటువైపు నుంచి ఇటువైపుకి అంతే. దిట్టంగా నిలబడింది. మొదటేడాది బాగుంది, రెండో ఏడాది బాగుంది, వచ్చినవాళ్ళందరికీ గర్వంగా చూపించా. నాలుగో ఏడాది మొదట్లో రంగు కొద్దిగా తగ్గింది, నడుం దగ్గర మడతలు పడ్డాయి, ఆ ఏడాదే వర్షాలయ్యాక ఒకరోజు తెల్లారేసరికి నేలమీద పడి ఉంది. లోపల నీళ్ళు నిలవ చేసుకున్న మొక్క కదా, అది చచ్చిపోయిన సంగతి దానికే లేటుగా తెలుస్తుంది. తర్వాత ఒక పెద్దాయన వచ్చి చూసి మొదట అడిగిన ప్రశ్న, "దక్షిణం వైపు గుర్తు పెట్టావా?" పెట్టలేదు. ఏళ్ళ తరబడి ఎండ తిన్న వైపు తోలు గట్టిపడి ఉంటుంది, నీడ వైపు మెత్తగా ఉంటుంది. మెత్తని వైపుని తిప్పి ఎండకి పెడితే కాలిపోతుంది. నేను ఇంటికి అందంగా కనపడే వైపు ఇటు తిప్పించుకున్నా.

రెండోది అయిదడుగులది, పోయినసారి బుద్ధొచ్చి సుద్దముక్కతో దక్షిణానికి గీత పెట్టా, పాత కార్పెట్ చుట్టి ఇద్దరం పట్టుకుని లేపాం, తెగిన వేళ్ళు ఆరనిచ్చాం, ముందున్నంత లోతులోనే పెట్టాం, వెంటనే నీళ్ళు పొయ్యలేదు. అది ఇప్పటికీ ఉంది. తొమ్మిదడుగులది మాత్రం మీరు ఎత్తలేరు, ఆ ఎత్తుకే వందల కిలోలుంటుంది, దానికి ఊయల లాంటి ఫ్రేము ఉన్న ట్రక్కు వాళ్ళున్నారు. పైన పడితే ఏమవుతుందో తెలుసుగా, 1982లో లేక్ ప్లెజెంట్ దగ్గర ఒకడు సరదాకి సగువారో మీద తుపాకీ కాలిస్తే అది విరిగి వాడి మీదే పడి చచ్చిపోయాడు.

తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, గ్యాస్ లైను కరెంటు లైను ఎక్కడున్నాయో వచ్చి రంగులేసి పోతారు.

ఎండమావి
మాస్టారూ ఆ పన్నెండడుగులది చదివి బాధేసింది నిజంగా.

చాండ్లర్_బావ
2023లో ఫీనిక్స్‌లో 31 రోజులు వరసగా ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకింది కదా, అప్పుడు జరపనివి కూడా చేతులు రాలి పడిపోయాయి. దాన్ని కదపకపోవడమే బెటరేమో బ్రో. నేను పార్టీ మారుస్తున్నా.

ముళ్ళపొద
అప్‌డేట్. ప్లాట్ మ్యాప్ దొరికింది, క్రిస్మస్ లైట్ల డబ్బా కింద. సీతాకోక గారూ మీరు చెప్పినట్టే ఎన్ఏఓఎస్ గీతలున్నాయి, లాట్ వెనక ఒక పట్టీ లాగా. సగువారో దానికి ఆరడుగులు ఇవతల ఉంది, బతికిపోయాం అనుకున్నా. కానీ నేను దాన్ని జరుపుదామనుకున్న మూల పూర్తిగా ఆ పట్టీలో ఉంది. ఇంకో విషయం, డ్రాయింగ్‌లో పూల్ తాలూకు పంపు ఎక్విప్‌మెంట్ ప్యాడ్ కూడా కాంట్రాక్టర్ దాన్లోనే గీశాడు! ఎన్ఏఓఎస్ అంటే ఏంటని అడిగితే ఆయన నన్నే అడిగాడు ఎక్కడ విన్నావని.

మూడు రోజులు పొద్దున్నే కూర్చున్నా. మొదటి రెండు రోజులు ఏం లేదు. మూడో రోజు గోధుమరంగు తల ఒకటి బయటికొచ్చి నన్ను చూసి మళ్ళీ లోపలికెళ్ళింది. కాఫీ చల్లారిపోయింది గానీ మా అమ్మాయి మాత్రం దానికి పేరు పెట్టేసింది, ఇంకేం జరుపుతాం.

సీతాకోక
పేరు పెట్టాక ఏ పర్మిట్టూ పనిచెయ్యదు లెండి. పూల్ షేప్ మార్పించండి. డీప్ ఎండ్ ఇంటి వైపుకి తిప్పితే ఎంత దూరం వస్తుంది? వేళ్ళ లెక్క చూసుకుని కనీసం దాని ఎత్తంత దూరం వదలండి, గుంత తవ్వే మెషీన్ కూడా అటు తిరగకుండా కంచె వేయించండి. సిటీకి ఇచ్చే ప్లాన్‌లో "ఉన్నచోటే ఉంచుతాం" అని చూపిస్తే కాగితం పని కూడా తగ్గుతుంది.

ముళ్ళపొద
అదే చేశాం. వేరే కాంట్రాక్టర్, పూల్ పదకొండడుగులు ఎడమకి జరిగింది, కొంచెం చిన్నదైంది, కిడ్నీ షేప్ వచ్చింది. గుంతకి అడ్డం వచ్చిన ఒక చిన్న బ్యారెల్ కాక్టస్‌ని మాత్రం సిటీ ప్లాన్‌లో చూపించి, పాతకాపు గారి సుద్దగీత పెట్టుకుని, పట్టీకి ఇవతలే ఉండేట్టు ముందు వైపు నాటాం. రెండు నెలలైంది, బాగానే ఉంది, కానీ నాలుగేళ్ళ దాకా గర్వపడనులెండి మాస్టారూ.

పాతకాపు
అయిదేళ్ళు పెట్టుకోండి.

ఎండమావి
అన్నా మరి బామ్మర్ది?

ముళ్ళపొద
అలిగాడు. పిట్ట కోసం నన్ను కాదన్నావు అని మా ఆవిడతో కంప్లైంట్. తర్వాత నర్సరీకి వెళ్ళి నాలుగడుగులది ఒకటి కొనుక్కున్నాడు, అడుగుకింతని లెక్కగట్టి అమ్ముతారంట. నిన్న ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టాడు, కాక్టస్ సగమే పడింది, ట్యాగు మీద నంబర్ మాత్రం జూమ్ చేసి మరీ తీశాడు.